గేరు వేస్తే కర్రుమంటోందా? గేర్‌బాక్స్ దించే ముందు పెడల్ దగ్గరే తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్, హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్‌తో కాదు, బ్రేకు ఫ్లూయిడ్ ప్రెజర్‌తో పనిచేసేది), మీటరు మీద 92 వేల కిలోమీటర్లు. రోజూ విజయవాడ ఉద్యోగానికి వచ్చి వెళ్తారు. పొద్దున్నే ఇంటి ముందు రివర్స్ వేస్తే కర్రుమంటోంది, ఫస్ట్ కూడా బిగుతుగా పడుతోంది. న్యూట్రల్‌లో ఆగి ఉంటే లోపల గరగరమని ఒక రొద, క్లచ్ తొక్కగానే అది పోతోంది. పికప్ మాత్రం బాగానే ఉంది. మెకానిక్ ఒక రౌండ్ తిప్పి చూసి, క్లచ్ సెట్టు మొత్తం పోయింది, గేర్‌బాక్స్ కూడా విప్పాలి అన్నాడు. ఆ ఎస్టిమేట్ చూసి టెన్షన్ పడుతున్నారు. చివర్లో, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "పెడల్ రెండు మూడు సార్లు కొడితే గేరు తేలిగ్గా పడుతోందండీ" అని ఒక ముక్క రాశారు.

ఆ చివరి ముక్కే ముందు రాయాల్సింది. విజయవాడ ఆటోనగర్‌లో క్లచ్, గేర్‌బాక్స్ పని మీదే చాలా ఏళ్లున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ ఒక్క మాట వింటే చాలామంది మెకానిక్‌లు జాకీ వైపు కాదు, ముందు బానెట్ వైపు నడుస్తారు. బహుశా మీరు ఆయనకు ఆ మాట చెప్పి ఉండరు.

ఎందుకంటే క్లచ్ ప్లేటు అరిగితే బండి జారుతుంది. టాప్ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ వేగం పెరగదు. మీకు ఆ ఇబ్బంది లేదు. మీ ఇబ్బంది దానికి తలకిందులు. క్లచ్ పట్టడం బాగానే ఉంది, వదలడమే సరిగా లేదు. పెడల్ నేలకు ఆనినా లోపల ప్లేటు ఫ్లైవీల్ (ఇంజిన్ చివర తిరిగే బరువైన చక్రం) నుంచి పూర్తిగా విడిపోవట్లేదు. ఇంజిన్ ఇంకా గేర్‌బాక్స్ షాఫ్టును కొంచెం కొంచెంగా తిప్పుతూనే ఉంది. తిరుగుతున్న షాఫ్టు మీద ఆగి ఉన్న గేరును ఎక్కించబోతే పళ్లు రాసుకుని కర్రుమనక ఏం చేస్తాయి? రెండు మూడు సార్లు కొడితే పైపులో ప్రెజర్ కూడుతుంది, ప్లేటు పూర్తిగా విడిపోతుంది, గేరు పడుతుంది. అంటే లోపం ఎక్కువగా ఫ్లూయిడ్‌లోనో, దాన్ని నెట్టే క్లచ్ సిలిండర్లలోనో ఉంటుంది. దానికి గేర్‌బాక్స్ దించక్కర్లేదు.

రెండో చప్పుడు, ఆ గరగర, వేరే సంగతి. రెండు చప్పుళ్లనీ ఒకే మూటలో కట్టేయడం వల్లే మీ ఎస్టిమేట్ అంత లావైంది.

క్లచ్ చప్పుళ్లకు ఒక సూత్రం ఉంది, అది పట్టుకుంటే సగం డయాగ్నోసిస్ మీరే చేయగలరు. ఇంజిన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో, కాలు క్లచ్ మీద లేనప్పుడు గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్, అంటే ఇంజిన్ శక్తిని లోపలికి తెచ్చే కడ్డీ, ఇంజిన్‌తో పాటు తిరుగుతుంటుంది. దాని బేరింగులు, దానికి జతపడ్డ గేర్లు అన్నీ తిరుగుతాయి. పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద మాత్రం అప్పుడు దాదాపు బరువుండదు. క్లచ్ పూర్తిగా తొక్కితే కథ మారుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగిపోతుంది, రిలీజ్ బేరింగ్ ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు నొక్కి పట్టేది) వేళ్లను నెడుతూ పూర్తి బరువు మీద తిరుగుతుంది. కాబట్టి తొక్కితే పోయే చప్పుడు గేర్‌బాక్స్ వైపుది. తొక్కితే మొదలయ్యే చప్పుడు రిలీజ్ బేరింగ్ వైపుది. ఇంజిన్ ఆపేసి తొక్కినా వచ్చే చప్పుడైతే రెండింటిదీ కాదు, పెడల్ నుంచి, రిలీజ్ బేరింగ్‌ను నెట్టే ఫోర్కు దాకా ఉన్న సామానుది.

ఇప్పుడు దీన్నే వరసగా చేసి చూడండి. కారును చదునైన చోట, ఆరుబయట పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి వింటూ కూర్చోవద్దు, పొగ ప్రాణం తీస్తుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు రాళ్లు పెట్టండి. ఏసీ, ఫ్యాను, పాటలు అన్నీ ఆపండి. ఇంకొకర్ని పెడల్ దగ్గర కూర్చోబెట్టి మీరు బయట నుంచి ఒకసారి, లోపల కూర్చుని ఒకసారి వినండి.

ముందు ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్‌ను మెల్లగా కిందికీ పైకీ ఆడించమనండి. కిర్రుమంటే పెడల్ బుష్షు ఎండిందో, ఫోర్కు కింద పివోట్‌లో గ్రీజు అయిపోయిందో. కేబుల్ క్లచ్ ఉన్న పాత ఆల్టో, వ్యాగనార్ లాంటి వాటిలో అయితే కేబుల్ తీగలు తెగుతున్నా ఇలాగే కిర్రుమంటుంది. పెడల్ బుష్షుకు కాస్త గ్రీజు పెడితే పోయే కిర్రుకు క్లచ్ సెట్టు వేయించుకున్నవాళ్లున్నారు. సెట్టు మార్చేటప్పుడు ఫోర్కుకు గ్రీజు ఎటూ పెడతారు కాబట్టి చప్పుడు పోతుంది, కస్టమర్‌కు అనుమానం రాదు.

తర్వాత ఇంజిన్ ఆన్ చేసి న్యూట్రల్‌లో కాలు తీసి వినండి. మీ గరగర ఇక్కడ వస్తుంది. ఇప్పుడు పెడల్‌ను ఒక అంగుళం మాత్రమే, కాలి బరువు ఆనీ ఆననట్టు నొక్కండి. జుయ్‌మనో, కీచుమనో కొత్త చప్పుడు అక్కడే మొదలై, తొక్కేకొద్దీ పెరిగితే రిలీజ్ బేరింగ్. పెడల్ బాగా కిందికి పోయాకే చప్పుడు మొదలై, కారు ఆగి గేరులో ఉన్నప్పుడు గట్టిగా వినిపిస్తే పైలట్ బేరింగ్‌ను (ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను ఇంజిన్ వైపు మోసేది) అనుమానించాలి. అయితే అది బొలెరో, ఇన్నోవా లాంటి వెనక చక్రాల డ్రైవ్ బండ్ల మాట. ముందు చక్రాల డ్రైవ్ హ్యాచ్‌బ్యాక్‌లలో చాలావాటికి పైలట్ బేరింగే ఉండదు. కాబట్టి మీ బండికి ఎవరైనా పైలట్ బేరింగ్ బిల్లు వేస్తే పాత బేరింగ్ చూపించమని అడగండి.

మూడోది మీకు అన్నిటికంటే ముఖ్యం. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో, అంటే గేరు పడేముందు రెండు వైపుల వేగాన్నీ సమం చేసే రింగు, ఉండదు. అందుకే కారు ఆగీ ఆగకముందే వేస్తే ఏ కారైనా కర్రుమంటుంది, అది జబ్బు కాదు. క్లచ్ నేలదాకా తొక్కి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. క్లచ్ బాగుంటే ఆ ఐదు లెక్కల్లో షాఫ్ట్ నెమ్మదించి గేరు మెత్తగా పడుతుంది. అప్పటికీ కర్రుమంటే క్లచ్ విడిపోవట్లేదని ఖాయం. అనుమానం ఉంటే ఇంజిన్ ఆపేసి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు వెన్నలా పడి, ఆన్‌లో ఉంటే మొండికేస్తే గేర్‌బాక్స్ తప్పు కాదు, క్లచ్ తప్పు. చదును నేల మీద క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్‌లో ఉంచి, బ్రేకు మెల్లగా వదిలితే కారు ముందుకు పాకినా అదే అర్థం. ఇది చేసేటప్పుడు మాత్రం రాళ్లు తీసేసి, ముందు మనుషులెవరూ లేకుండా చూసుకోండి.

క్లచ్ విడిపోవట్లేదని తేలాక, మొదట చూడాల్సింది మ్యాట్. నవ్వకండి. సెకండ్ హ్యాండ్ కార్లలో పాత మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ వేస్తారు, అది ముడతపడి పెడల్ కిందికి చేరుతుంది. పెడల్ చివరి అంగుళం ఆగిపోతుంది. ఆ అంగుళంలోనే ప్లేటు పూర్తిగా విడిపోవాలి. రెండు మ్యాట్లూ తీసి ఒకసారి నడిపి చూడండి.

ఎలాగూ మ్యాట్ తీశారు కాబట్టి అక్కడే వంగి, పెడల్ పైన గోడలోకి వెళ్లే రాడ్డు చుట్టూ వేలు పెట్టి చూడండి. తడిగా, పల్చగా ఏదైనా అంటితే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కుడును ఫ్లూయిడ్ ప్రెజర్‌గా మార్చేది) బండి లోపలికి కారుతోంది. కార్పెట్ అంచు కూడా తడుముకోండి, కారిన ఫ్లూయిడ్ మొదట అక్కడే దాక్కుంటుంది. తర్వాత బానెట్ ఎత్తి ఫ్లూయిడ్ డబ్బా చూడండి. చాలా కార్లలో క్లచ్‌కు వేరే డబ్బా ఉండదు, బ్రేకు డబ్బా పక్కనుంచే ఒక సన్నపాటి పైపు క్లచ్‌కు పోతుంది. ఆ పైపు డబ్బాకు అడుగున కాదు, కొంచెం పైన తగిలించి ఉంటుంది. అంటే ఫ్లూయిడ్ తగ్గితే బ్రేకుల కంటే ముందు క్లచ్‌లోకి గాలి పోతుంది. క్లచ్ లీకైనా బ్రేకులకు కొంత ఫ్లూయిడ్ మిగలాలని అలా పెడతారు. కానీ ఫ్లూయిడ్ తగ్గినట్టు మనకు మొదట తెలిసేది ఇలా గేరు కర్రుమనడంతోనే. లెవల్ మినిమమ్ గీత దగ్గరుంటే, రంగు టీ డికాక్షన్‌లా ముదిరి ఉంటే మీ జవాబు సగం దొరికినట్టే.

ఆ తర్వాత గేర్‌బాక్స్ పక్కన ఉండే స్లేవ్ సిలిండర్, ఆ ప్రెజర్‌తో ఫోర్కును నెట్టేది. దాని మూతికి రబ్బరు బూటు ఉంటుంది. బూటు అంచును మెల్లగా వెనక్కి తీస్తే లోపల పొడిగా ఉండాలి. చుక్కలు రాలితే సిలిండర్ సీలు పోయింది. కొన్ని బండ్లలో ఈ సిలిండర్ బయట కనబడదు, రిలీజ్ బేరింగ్‌తో కలిపి గేర్‌బాక్స్ మూతి లోపలే ఉంటుంది. అలాంటప్పుడు ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట అడుగున తడి కనిపిస్తుంది. తడి ఏమిటో వేళ్లతో తేల్చుకోవచ్చు. బ్రేకు ఫ్లూయిడ్ పల్చగా ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా, జిడ్డుగా ఉంటుంది, అప్పుడు క్రాంక్ వెనక సీలు సంగతి చూడాలి. గేర్ ఆయిల్‌కు గంధకం కంపు ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇక మర్చిపోరు. బ్రేకు ఫ్లూయిడ్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే పెయింటు లేస్తుంది.

లీకు ఎక్కడా లేకపోతే పాత ఫ్లూయిడ్ తీసి కొత్తది పోసి, పైపులో చేరిన గాలి తీయించండి. ఫ్లూయిడ్ రకం డాట్ 3నా, డాట్ 4ఆ అన్నది డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. బ్రేకు ఫ్లూయిడ్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, అందుకే మూత తీసి చాలాకాలం ఉంచిన సీసాలోది పోయనివ్వకండి. మన కృష్ణా ఒడ్డు గాలిలో తేమకు కొదవా? గాలి తీసేటప్పుడు నిపుల్‌కు తొడిగిన తెల్ల పైపులో బుడగలు రావడం మీరే నిలబడి చూడండి. ఈ పనికి గేర్‌బాక్స్ దించడంతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. గాలి తీశాక కొన్నాళ్లు బాగుండి మళ్లీ మొదలైతే సిలిండర్ లోపలి సీలు ప్రెజర్‌ను వెనక్కి వదిలేస్తోందని. అప్పుడు మాస్టర్ మార్చాలి.

ఇంకో సంగతి. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నాను, ఆ బండి ఎక్కడిది? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్లలో మునిగిన వాహనాలు లెక్కలేనన్ని. బాగుచేయించుకుని నడుపుకుంటున్నవి చాలా ఉన్నాయి, అందులో తప్పేం లేదు. చెప్పకుండా అమ్మినవాటితోనే తంటా. నీళ్లలో నిలబడ్డ బండికి క్లచ్ ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీల్‌కు అతుక్కుంటుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద తుప్పు పేరుకుని ప్లేటు ముందుకూ వెనక్కూ జారదు, రిలీజ్ బేరింగ్‌లో గ్రీజు కొట్టుకుపోతుంది. గేర్‌బాక్స్ బ్రీదర్ (గాలి ఆడే చిన్న రంధ్రం) గుండా నీళ్లు దిగితే ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులోకి మారుతుంది. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆఖరి మూర మీద బురద చారలుంటే బండి నీళ్లలో నిలబడిందని ఒప్పుకున్నట్టే. అలా తేలితే మాత్రం నేను పైన చెప్పిన చవక వైద్యం మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, గేర్‌బాక్స్ దించక తప్పకపోవచ్చు.

ఇక ఆ గరగర. న్యూట్రల్‌లో వచ్చి క్లచ్ తొక్కితే పోయేది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ కావచ్చు, లేదా బరువు లేకుండా తిరిగే గేర్లు ఒకదానికొకటి తగులుకునే గలగల కావచ్చు. డీజిల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో కుదుపు ఎక్కువ, కాబట్టి ఆ గలగల కొంత ఉంటుంది. తేడా ఎలా పట్టాలి? ఐడిలింగ్‌లోనే ఉండి, కాస్త రేస్ చేస్తే మాయమైతే గేర్ల గలగల. రేస్ చేసేకొద్దీ గుయ్‌మని పెరిగి, రోడ్డు మీద గేరులో వెళ్తున్నప్పుడు కూడా వెంటాడితే బేరింగ్. మొదటిదానికి నేనైతే ఏమీ చేయను, ఇంజిన్ మౌంటింగులు, ఐడిల్ స్పీడు చూసి వదిలేస్తాను. రెండోదైతే ముందు గేర్ ఆయిల్ లెవల్ చూసి, ఆ తర్వాత గేర్‌బాక్స్ మాట. మీ బండికి డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్ కుదుపును మింగే రెండు ముక్కల ఫ్లైవీల్) ఉందో లేదో కూడా కనుక్కోండి. ఇంజిన్ ఆపే క్షణంలో గడగడమని అదిరి ఆగితే అది అరిగినట్టు. అది ఖరీదైన వస్తువు. ఆటోనగర్‌లో దాని బదులు మామూలు ఫ్లైవీల్ పెట్టేస్తామంటారు. పని నడుస్తుంది, కానీ డ్యూయల్ మాస్ మింగే కుదుపు అంతా ఆ తర్వాత గేర్‌బాక్స్ మోయాలి. సొంతంగా ఉంచుకునే బండికి నేను ఒప్పుకోను.

నడుస్తున్నప్పుడు ఒకే గేరు, ఎక్కువగా సెకండ్, కర్రుమంటే అది వేరే జాతి. అన్ని గేర్లూ బాగుండి ఒక్కటే మొండికేస్తే ఆ గేరు సింక్రో రింగు అరిగింది. నమ్మకం కుదరాలంటే డబుల్ క్లచ్ చేయండి, పాత లారీ డ్రైవర్లకు ఇది చేతి కింద పని. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. కిందికి దిగుతుంటే మధ్యలో చిన్న రేస్ ఇవ్వాలి. అలా వేస్తే మెత్తగా పడి, మామూలుగా వేస్తే కర్రుమంటే సింక్రోనే. సింక్రోలను ఆయిల్ కూడా పాడు చేస్తుంది. మాన్యువల్‌లో గేర్ ఆయిల్ రకం జీఎల్-4 అని ఉంటే, షాపువాడు 'ఇంకా మంచిది' అని జీఎల్-5 పోస్తానన్నా ఒప్పుకోకండి. దానిలో కలిపే మందులు ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు, జారుడు ఎక్కువై రింగు పట్టు కూడా తగ్గవచ్చు. అలాగే ఆయిల్ చిక్కదనం 75డబ్ల్యూ-80 అని ఉన్నచోట చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దుటి గేరు ఇంకా బిగుసుకుంటుంది.

క్లచ్ వదిలి యాక్సిలరేటర్ ఇవ్వగానే 'టక్' అని ఒక్క దెబ్బ వినిపిస్తే, చాలాసార్లు క్లచ్‌కు సంబంధం ఉండదు. ముందు ఇంజిన్ మౌంటింగు రబ్బరు. మలుపుల్లో టకటకమంటే సీవీ జాయింటు (ముందు చక్రాలను తిప్పే షాఫ్ట్ కీలు). వెనక చక్రాల డ్రైవ్ బండి అయితే గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులోని క్రాస్.

ఒకవేళ చివరికి గేర్‌బాక్స్ దించాల్సే వస్తే, దించేరోజు సెలవు పెట్టుకుని అక్కడే ఉండండి. ప్రెజర్ ప్లేటు వేళ్ల కొనలు ఎంత అరిగాయో, ప్లేటు మధ్య స్ప్రింగులు చేత్తో కదిపితే ఆడుతున్నాయా, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలున్నాయా, ప్లేటుకు ఆయిల్ అంటిందా, ఇవి మీ కళ్లతో చూడొచ్చు. రిలీజ్ బేరింగ్‌ను చేత్తో తిప్పితే గరగరమనకూడదు. అంతదూరం వచ్చాక ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపే వేయించండి. లేబర్ ఎక్కువయ్యేది దించడానికే, బేరింగ్ దగ్గర మిగుల్చుకుంటే మళ్లీ అదే లేబర్ కట్టాలి. వాలియో, లుక్, ఎక్సెడీ లాంటి బ్రాండ్లు ఏవైనా పర్లేదు, డబ్బా సీలు మీ ముందే తెరవాలి, జీఎస్టీ బిల్లు ఉండాలి, పాత సామాను మీ డిక్కీలోకి రావాలి.

అందాకా నడపొచ్చా అంటే, నడపొచ్చు. కానీ కర్రుమంటున్న గేరును బలవంతంగా తోయకండి, ఈ రోజు ఫ్లూయిడ్‌తో పోయే ఖర్చును రేపు సింక్రోల దాకా తెచ్చుకుంటారు. రివర్స్ వేయాలంటే ముందు థర్డ్‌లో పెట్టి, క్లచ్ ఎత్తకుండానే రివర్స్‌కు మార్చండి. థర్డ్ సింక్రో షాఫ్టును ఆపేస్తుంది. బెంజ్ సర్కిల్ దగ్గర, రామవరప్పాడు రింగ్ దగ్గర సిగ్నల్ పడితే న్యూట్రల్ చేసి కాలు పూర్తిగా తీసేయండి. గేర్ రాడ్డు మీద చెయ్యి పెట్టుకుని నడిపే అలవాటు ఉంటే మానేయండి, ఆ బరువు లోపల గేర్లను జరిపే సెలెక్టర్ ఫోర్కుల మీద పడుతుంది. కోటప్పకొండ ఘాట్ మీద ముందు బండి ఆగితే హాఫ్ క్లచ్‌లో నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేక్ వాడండి.

ముందు మ్యాట్, ఫ్లూయిడ్ డబ్బా, స్లేవ్ బూటు, సీటు బెల్టు చూసి ఏం కనిపించిందో రాయండి. గాలి తీయించిన రోజే గేర్ ఆయిల్ కూడా మార్పించి, డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ దించే మర) అయస్కాంతానికి ఏం అంటిందో ఒక ఫోటో పెట్టండి. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంటే మామూలు అరుగుదల, పర్వాలేదు. గోరుకు తగిలే ఇనప పలుకులుంటే బేరింగో, గేరు పన్నో రాలుతోంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, అందుకని పాత ఆయిల్‌ను తెల్ల టబ్బులోకి పట్టించి ఎండలో చూడండి. పసుప్పచ్చగా మెరిసే పొడి కనిపిస్తే సింక్రోల లెక్క అప్పుడు మాట్లాడుకుందాం.